మన మీద వేసిన మాటలు - 7: బరి ఎవరు గీశారు?



పోయిన భాగంలో ‘పొగరు’ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ‘బలుపు’ గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం. ఈలోగా ఇంకో మాట నా గొంతులో ఇరుక్కుంది. దాన్ని కక్కేస్తే గానీ ముందుకి వెళ్ళలేను.

పది రోజుల కిందటి సంగతి. అటెండెన్స్ రిజిస్టరు మీద సంతకం కోసం మా కాలేజీ ఆఫీసు గదికి వెళ్ళాను. అక్కడ ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. డిగ్రీ మూడో సంవత్సరం. మన పేట పిల్లే. వాళ్ళ నాన్న కొబ్బరి వలుపు పనికి వెళ్తాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఇంకా పడలేదు కాబట్టి బాకీ కట్టి హాల్ టికెట్ తీసుకెళ్ళమంటున్నారు ఆఫీసువాళ్ళు.

ఆ పిల్ల ఏడవలేదు. “ప్లీజ్ సార్” అనలేదు. “గవర్నమెంటు మీకు బాకీ ఉంటే గవర్నమెంటుని అడగండి సార్. నేను పరీక్ష రాయాలి. ఇవ్వం అంటే ఆ మాట కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి” అంది. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. మొత్తానికి హాల్ టికెట్ తీసుకునే బయటికి వెళ్ళింది.

తను తలుపు దాటిందో లేదో, ఆఫీసాయన నా వైపు తిరిగి, “చూశారా మేడం, ఎలా బరితెగించిందో” అన్నాడు.

నేను నవ్వాను.

ఎందుకు నవ్వానంటే ఏం చెప్పను? అలవాటు. సంతకం కావాలి. పొద్దున్నే గొడవెందుకు అనుకున్నాను. ఆ నవ్వు తలుపు బయటికి వినిపించింది. సాయంత్రం వరండాలో ఆ పిల్ల ఎదురై, “మీరు కూడా నవ్వారు కదా మేడం” అని వెళ్ళిపోయింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తీసుకున్నదాన్ని. ఆ ఒక్క వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వెతుక్కుంటున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం.

‘బరి’ అంటే హద్దు. గీత. ఆటకి గీసుకునే గిరి. చెడుగుడులో గీసే గీత బరి. సంక్రాంతి వచ్చిందంటే మన కోనసీమలో చిన్నపిల్లాడికి కూడా ఈ మాట అర్థం చెప్పనక్కర్లేదు. కోడిపందేలకి తోటలో నేల చదును చేసి, చుట్టూ కట్టి, ఇదిగో ఇదీ బరి అంటారు. ఎన్నికలప్పుడు పేపర్లు ‘బరిలో ఎవరెవరు’ అని రాస్తాయి. ‘తెగు’ అంటే తెంచుకుపోవడం. గాలిపటం దారం తెగుతుంది, కాలవ గట్టు తెగుతుంది. దాంట్లోంచే ‘తెగించు’ వచ్చింది. రెండూ కలిపితే, గీసిన గీతని లెక్కచెయ్యకుండా దాటడం.

ఇక్కడిదాకా ఈ మాటలో సిగ్గు లేదు, శీలం లేదు, తిట్టు లేదు. ఒక గీత ఉంది, దాన్ని దాటిన మనిషి ఉంది. అంతే. తిట్టు ఎక్కడి నుంచి వచ్చింది మరి?

అదే ‘తెగు’లోంచి పుట్టిన తోబుట్టువుని చూడండి. ‘తెగువ’. ఎంత ముద్దొచ్చే మాట! పలనాటి వీరులకి తెగువ. సినిమా హీరోకి తెగువ. అల్లూరి సీతారామరాజుకి తెగువ. ఒకే ధాతువు, ఒకే పని, భయపడకుండా ముందుకెళ్ళడం. ఎవరు వెళ్ళారన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. పెద్దింటి కుర్రాడు ఎస్సై మీద గొంతు లేపితే “కుర్రాడిలో తెగువ ఉందండోయ్”. మన పేట పిల్ల గుమాస్తా ముందు కూర్చుని మాట్లాడితే “బరితెగించింది”.

‘సాహసం’ సంగతి ఇంకా విచిత్రం. ఇప్పుడది పొగడ్త, పిల్లలకి సాహస బాలల అవార్డులిస్తున్నాం. మనుస్మృతిలో 18 రకాల వివాదాల జాబితా ఉంది. అందులో ‘సాహసం’ ఒక నేరం పేరు. దౌర్జన్యం, బలాత్కారం అని అర్థం. నేరం కాస్తా మెల్లగా బిరుదైపోయింది. మాటలకి కూడా ప్రమోషన్లు ఉంటాయి, ఎవరి నోట్లో పడ్డాయన్నదాన్ని బట్టి.

అలంకారశాస్త్రం చదివిన పిల్లలకి ఇంకోటి గుర్తుచేస్తాను. శృంగార నాయకులు నలుగురని పరీక్షల కోసం బట్టీ పట్టాం కదా? అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు. ఇందులో ధృష్టుడు ఎవరు? వేరే ఆడదాని దగ్గరికి వెళ్ళొచ్చి, ఒంటి మీద గుర్తులు కనపడుతున్నా, ఏమాత్రం సిగ్గుపడకుండా భార్య ఎదుట నిలబడేవాడు. అచ్చ తెలుగులో చెప్పాలంటే బరితెగించినవాడు. వాడికి మన కావ్యశాస్త్రం ఇచ్చిన పేరు ‘నాయకుడు’! సిగ్గులేనితనం మగాడికి ఒక నాయక లక్షణం. లక్షణం, ఉదాహరణ, 5 మార్కుల ప్రశ్న. నేను ఏళ్ళ తరబడి ఈ పాఠం చెబుతున్నాను. ఆఫీసు గదిలో నవ్వినప్పుడు ఇది గుర్తుకు రాలేదు.

మరి ఆడమనిషి సిగ్గుపడకుండా రాస్తే ఏమైంది? ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ‘రాధికా సాంత్వనం’ రాసింది. మన గోదావరి ఒడ్డువాడే, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం ఆమె కవిత్వాన్ని సిగ్గుమాలినదని తీర్మానించాడు. ఆమె వేశ్య అన్న సంగతినీ ఎత్తిచూపాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించి, ముందుమాటలో ఆయన్ని నిలదీసింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని అడిగింది. అంతకన్నా పచ్చిగా ఉన్న మగకవి కావ్యాన్ని తమరే పరిష్కరించి అచ్చువేశారు కదా అని ఆయన లెక్క ఆయనకే అప్పజెప్పింది. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చాక గానీ నిషేధం పోలేదు.

సంస్కర్త కూడా గీత గీశాడు. వితంతువు పెళ్ళి చేసుకునేంత దూరం జరిపిన గీతే అది, చిన్న విషయం కాదు. అయినా ఆ గీత పట్టుకున్న చెయ్యి మాత్రం ఆయనదే. దేవదాసి కులంలో పుట్టిన నాగరత్నమ్మ ఆ చెయ్యి పట్టుకుని అడిగింది, గీత గీయడానికి నువ్వెవరని.

ఇప్పుడు ఊళ్ళోకి వద్దాం.

కోనసీమలో బరి ఎక్కడుంటుంది? కాగితం మీద ఉండదు. పంటకాలవ ఉంటుంది, అవతల ఊరు, ఇవతల పేట. రేవులు వేరుగా ఉంటాయి. పుంత దగ్గర చెప్పులు విడిచిన తరం ఇంకా బతికే ఉంది, మీ ఇళ్ళల్లో తాతయ్యల్ని అడగండి. గీత కనపడదు. దాటినప్పుడే కనపడుతుంది. అందుకే నా దృష్టిలో ‘బరితెగింపు’ మనుషుల గుణం చెప్పే మాట కాదు, అదొక సర్వే రాయి. ఎవరైనా “బరితెగించింది” అన్నారంటే, అక్కడ ఒక గీత ఉందని, దాన్ని తామే కాపలా కాస్తున్నామని వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నట్టు.

మా పిన్ని కువైట్ వెళ్ళింది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ పేటలో అడిగినా అలా వెళ్ళిన ఆడవాళ్ళు కనపడతారు. అక్కడ ఇంటిపని, ‘ఖద్దామా’ అంటారు. పాస్‌పోర్టు వాళ్ళ చేతిలో, నిద్ర వాళ్ళ చేతిలో. ఆరేళ్ళు చేసి వచ్చి పిన్ని డాబా కట్టింది. మేడ మీద పిట్టగోడ కాలవ అవతలికి కనపడుతుంది. “బరితెగించి సంపాదించింది” అన్నారు. ఇన్నేళ్ళూ అదే డబ్బుతో వాళ్ళ కొట్లో సరుకులు కొంటే ఏమీ అనలేదు, పిట్టగోడ లేచాక అన్నారు. అవతలివాళ్ళే కాదు, ఇవతల మనోళ్ళు కూడా అన్నారు. ప్రార్థనకి వెళ్తే పక్కన కూర్చునే ఆడవాళ్ళు అన్నారు. పిన్ని మాత్రం “నాకు వీసా ఇచ్చింది వీళ్ళు కాదుగా, పోనియ్” అని ఊరుకుంది. లోపల ఎంత పడిందో నాకు తెలుసు.

ఇక్కడ ఇంకో ‘బరి’ని చెప్పాలి. ‘బరిబత్తల’ అంటాం, ఒంటి మీద నూలుపోగు లేకుండా అని. ఆ ‘బరి’ వేరు, దానికి ఉత్త, వట్టి అని అర్థం. కన్నడంలో ‘బరిగాలు’ అంటే చెప్పుల్లేని వట్టి కాలు. వ్యాకరణంలో ఈ రెండు బరులూ వేరు. ఊళ్ళో మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆడమనిషిని “బరితెగించింది” అన్నప్పుడు వినేవాడి మనసులోకి గీత రాదు, ఒళ్ళు వస్తుంది. మనవాళ్ళని కొట్టేటప్పుడు ముందు బట్టలు ఊడదీస్తారు. 2016 ఆగస్టులో, గుజరాత్‌లో ఉనా జరిగిన నెలరోజులకే, మన అమలాపురం జానకీపేటలో ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని బట్టలూడదీసి కట్టేసి కొట్టారు. ఎందుకు? కరెంటు తగిలి చచ్చిపోయిన ఆవు తోలు ఒలుస్తున్నందుకు. తరతరాలుగా మీ పని ఇదే అని ఊరే అప్పజెప్పిన పని అది. అంటే గీత లోపలే ఉన్నా కొడతారు. ఆ రోజు గీతని జరిపారు, ఆ సంగతి వీళ్ళకి చెప్పలేదు.

ఇదీ అసలు కిటుకు. గీత కదులుతూ ఉంటుంది. దాన్ని కదిపే హక్కు మాత్రం ఒక్క వైపే ఉంటుంది.

కారంచేడు గుర్తు తెచ్చుకోండి. 1985 జూలై. మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళలో గేదెల కుడితి బకెట్లు కడిగారు. వద్దన్న కుర్రాడి మీదికి వచ్చారు. మున్నంగి సువార్త అడ్డం వచ్చి చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చుండూరులో సినిమాహాల్లో ఒక చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఆసామికి తగిలిందన్న దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. బిందె, కాలు. ఇవీ ఆ ఊళ్ళ దృష్టిలో మన బరితెగింపులు.

ఇక 2022 మే 24. అమలాపురం. ఇది చదువుతున్న చాలామందికి ఆ రోజు ఎక్కడున్నారో గుర్తుండే ఉంటుంది. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పేరు పెడతామని ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. కోనసీమ అన్న పేరు తీసెయ్యలేదు, దాని ముందు ఒక పేరు చేర్చారు. దానికి మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు, పోలీసుల మీద రాళ్ళు వేశారు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఆ రోజు టీవీల ముందు కూర్చుని నేను మాటలు లెక్కపెట్టాను. ‘ఉద్రిక్తత’. ‘ఆందోళన’. ‘ఆగ్రహ జ్వాలలు’. నేను విన్నంతసేపట్లో ఒక్కరి నోటా ‘బరితెగింపు’ రాలేదు. ఇల్లు కాలిస్తే ఆగ్రహం. హాల్ టికెట్ అడిగితే బరితెగింపు.

జూన్ 24న మంత్రివర్గం ఆ పేరుని ఆమోదించింది. ఇప్పుడు ఆ పేరు బోర్డుల మీద ఉంది. పలకడానికి నోరు తిరగనివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ ఇష్టం.

ఎన్నికల బరి సంగతి కూడా చూడండి. అమలాపురం పార్లమెంటు సీటు ఎస్సీ రిజర్వుడు. దాని కింద 7 అసెంబ్లీ సీట్లలో అమలాపురం, రాజోలు, పి.గన్నవరం రిజర్వుడు. ఈ నేల మీద నుంచే జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యాడు, ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు. అయిదేళ్ళకోసారి మనల్ని బరిలోకి దిగమంటారు, దండలు వేస్తారు. అదే మనిషి ఆ కుర్చీలోంచి తన సొంత మాట ఒకటి మాట్లాడితే చాలు, “వీడికి బరితెగింపు ఎక్కువైంది” అంటారు. బరిలో నిలబడొచ్చు. బరి గీయకూడదు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి ఇలాంటిదే ఒక మాట ఉండేది, ‘అప్పిటీ’. తెల్లవాడు ఎదురొస్తే కాలిబాట దిగకపోయినా, కళ్ళలోకి చూసినా, మంచి బట్టలు వేసుకున్నా ఆ మాట పడేది. ఆ మాట పడ్డవాళ్ళలో చెట్టుకి వేలాడినవాళ్ళూ ఉన్నారు. భాష వేరు, సముద్రం వేరు, సర్వే రాయి ఒకటే.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవలసింది.

మన కుర్రాళ్ళు కొందరు ఈ మధ్య “అవును, బరితెగించాం, ఏం చేస్తావ్” అని స్టేటస్‌లు పెడుతున్నారు. వాళ్ళ కసి నాకు అర్థమవుతుంది. తిట్టుని జెండాగా ఎగరెయ్యడం కొత్త కాదు. స్త్రీవాద కవిత్వాన్ని ‘నీలి’ అని వెక్కిరిస్తే, 1993లో వాళ్ళు తమ సంకలనానికి ‘నీలిమేఘాలు’ అనే పేరు పెట్టుకున్నారు. నలుపుని అవమానం చేస్తే దళిత స్త్రీల సంకలనం ‘నల్లపొద్దు’ అయింది. బాగుంది. రంగుకి రంగు జవాబు చెప్పొచ్చు.

‘బరితెగింపు’ని మాత్రం అలా ఎత్తుకోవద్దంటాను. ఎందుకంటే “నేను బరి తెగించాను” అన్నానంటే అక్కడ బరి ఉందని, అది న్యాయమైన హద్దేనని, దాన్ని నేనే మీరానని సంతకం పెట్టినట్టు. సువార్త తెగించలేదు. తాగే నీళ్ళు అడిగింది. మా పిన్ని తెగించలేదు. కూలికి వెళ్ళింది, ఇల్లు కట్టుకుంది. 1927లో మహాడ్ చవదార్ చెరువు దగ్గర దోసిట్లో నీళ్ళు తీసుకున్నప్పుడు బాబాసాహెబ్ సాహసం చెయ్యలేదు, అప్పటికే మునిసిపాలిటీ అందరిదీ అని తీర్మానించిన చెరువులో నీళ్ళు తాగాడు. మనల్ని మెచ్చుకునేవాళ్ళు కూడా “ఎంత ధైర్యం!” అంటారు చూడండి, అక్కడా జాగ్రత్త. నీళ్ళు తాగడానికి ధైర్యం ఎందుకు కావలసి వచ్చిందో అడగకుండా ధైర్యాన్ని పొగిడితే, గీత అక్కడే ఉంటుంది.

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశాడు. పాలేరు పిల్లాడు చదువుకోవడమే కథ. ఇవాళ చదివితే ఇందులో ఏముంది అనిపిస్తుంది. అలా అనిపించడమే ఆ నాటకం గెలుపు. ఒకప్పుడు బరితెగింపు అయినది ఇవాళ మామూలు. ఆ పిల్ల హాల్ టికెట్ అడగడం కూడా అంత మామూలు అవ్వాలి. మనం కోరేది అదే. వీరగాథ కాదు.

ఇంకో చేదు మాట. ఈ మాటని మన ఇళ్ళల్లో మన ఆడపిల్లల మీద మనమే వేస్తున్నాం. పిల్ల రాత్రి లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తే, పెళ్ళి వద్దంటే, సంఘం మీటింగులో అన్నయ్యల మాటకి అడ్డం చెప్తే “బరితెగించింది” అనేది ఎవరు? ఊరు గీసిన గీతని పేటలోకి మోసుకొచ్చి, మన గుమ్మం ముందు మళ్ళీ గీస్తున్నాం. ఊరి మీద అడిగే ప్రశ్నని మన సంఘాల్లో కూడా అడగనివ్వాలి. లేకపోతే ఆఫీసు గదిలో నవ్విన నాకూ, మీకూ తేడా లేదు.

పని చెప్తాను. ఎక్కడైనా ఎవరైనా ఈ మాట అంటే గొడవ పడక్కర్లేదు. రెండు ప్రశ్నలు చాలు. “ఏ బరి అండి? ఎవరు గీశారు?” జవాబు చెప్పాలంటే గీత పేరు చెప్పాలి. కులం అని చెప్పాలి, ఆడది అని చెప్పాలి. చాలామంది చెప్పలేరు, నీళ్ళు నములుతారు.

విద్యార్థులకి విడిగా. రీయింబర్స్‌మెంట్ రాలేదని హాల్ టికెట్ ఆపితే ఒంటరిగా వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి. అర్జీ రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వం అంటే ఆ ముక్క రాతలో అడగండి. మా పిల్ల చేసింది అదే. నోటితో అన్నంత సులువుగా సంతకం పెట్టలేరు ఎవరూ.

నా సంగతి. నిన్న మళ్ళీ ఆఫీసు గదికి వెళ్ళాను. “ఆ రోజు మీరన్న మాటకి నేను నవ్వాను, నవ్వకూడదు. ఆ అమ్మాయి బరితెగించలేదండి, తన హాల్ టికెట్ తను తీసుకుంది” అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, “మీరు కూడానా మేడం” అన్నాడు. నా వెనక ఆ మాట ఏ పేరుతో తిరుగుతుందో నాకు తెలుసు. తిరగనివ్వండి.

ఆ పిల్లకి ఇంకా ఏమీ చెప్పలేదు. పరీక్షలు నడుస్తున్నాయి. అయిపోయాక ఈ వ్యాసం చూపిస్తాను. ఏమంటుందో తెలీదు.

వచ్చే వారం ‘బలుపు’. మీ ఊళ్ళో ఆ మాట ఎప్పుడు, ఎవరి మీద పడిందో రాసి పంపండి.

జై భీమ్.